ఎర్రన్నం ఎలా ఉంది

మా పాడ్‌కాస్ట్ పేరు 'మూడు గరిటెలు'. ఆ పేరు మా వదిన వెర్‌డెల్ పెట్టింది. పేరుకే మూడు. వండే గరిటె నాదొక్కటే, మిగతా రెండూ నోళ్ళు.

వెర్‌డెల్ నా భర్త హెజెకియాకి అక్క. బతుకంతా స్కూలు బస్సు నడిపింది. ఇప్పటికీ ఎదుట నలుగురు కనిపిస్తే చాలు, "కూర్చోండి, చేతులు లోపల పెట్టుకోండి" అనేస్తుంది. ఆల్బర్తా నా చిన్ననాటి స్నేహితురాలు. ఆడవాళ్ళకు జడలల్లే దుకాణం నడుపుతుంది కాబట్టి చార్లెస్టన్‌కి దక్షిణాన ఉన్న మా సెయింట్ హెలెనా ద్వీపంలో ఎవరి కాపురం ఎక్కడ చిరిగిందో దానికి తెలియకుండా ఉండదు. శనివారం మధ్యాహ్నాలు ఇద్దరూ మా ఇంటికి వస్తారు. వంటింటి బల్ల మీద మూడు మైకులు పెడతాం. నేను వండుతూ మాట్లాడతాను. వాళ్ళు మాట్లాడుతూ కూర్చుంటారు. చివర్లో మైకుల ముందే తింటాం.

"ఏమే ఓజెల్లా, ఆ బెండకాయల వంక అలా చూస్తా కూర్చుంటే పులుసైపోద్దా?" అంటుంది వెర్‌డెల్.

"నీ బస్సు హారనులాగా అరిస్తే మాత్రం అవుద్దా వదినా?" అంటాను నేను.

"మీరిద్దరూ తన్నుకుంటా ఉండండి, నేను తినేసి పోతా," అంటుంది ఆల్బర్తా.

అదే మా కార్యక్రమం. వినేవాళ్ళు చాలామంది. వాళ్ళ అమ్మమ్మలు ఎప్పుడో ఈ ద్వీపం వదిలి డెట్రాయిట్‌కో ఫిలడెల్ఫియాకో పనికి పోయినవాళ్ళు. ఆ మనవరాళ్ళు మా గొంతులు వింటూ రైళ్ళలో ఆఫీసులకు వెళతారు. ఎర్రన్నం మాట వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నల్లపిల్లలం మేము, మాకూ ఒక వంటిల్లుందని మీవల్లే తెలిసింది మిస్ ఓజెల్లా, అని ఫోన్లో మాటలు పంపుతారు. అలాంటి మాట విన్న రోజు నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

రికార్డు చేసిన మాటలను కత్తిరించి అతికించే పని కూడా నాదే. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెవులు నావి. ఎంత చిన్న చప్పుడైనా పట్టేస్తాయి. ఆ చెవులే నా కొంప ముంచాయి.

దానికి ముందు మా చర్చి ఆడవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. అన్నీ బయటి నుంచే వస్తాయి. మాకరోనీ, వేయించిన కోడి, ఆకుకూర, పసుపుపచ్చటి కేకులు, వద్దన్నా వస్తూనే ఉంటాయి. ఆ ఇంటి ఆడది మళ్ళీ మొదటిసారి గరిటె పట్టి నలుగురికీ వడ్డించిన రోజు మాత్రం, ఆమె ఏం పెట్టినా తినాలి. తిని బాగుందనాలి. పచ్చిగా ఉన్నా సరే, మాడినా సరే. ఆ మాట పట్టుకునే ఆమె మళ్ళీ బతుకులో పడుతుందని మా నమ్మకం. నేనూ ఎందరికో అన్నాను. ఎన్నాళ్ళు అలా అనాలో మాత్రం మా పెద్దవాళ్ళెవరూ చెప్పి పోలేదు.

హెజెకియా రొయ్యల పడవ మీదే గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత నేను మొదటిసారి పొయ్యి వెలిగించి ఎర్రన్నం వండాను. టమాటా, ఉల్లిపాయ, పొగ పట్టించిన సాసేజ్, ఆవిరి మీద ఉడికే బియ్యం. అన్నిటికంటే ముందు చెంచాడు పంది కొవ్వు. పొయ్యి పక్కన మూతడబ్బా ఒకటి ఉంటుంది. బేకన్, అంటే పంది మాంసపు పలచటి ముక్కలు, వేయించినప్పుడల్లా కారిన కొవ్వు అందులో పోసి ఉంచుతాం. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. ఆ రోజు వెర్‌డెల్ తిని, "బాగుందే" అంది. ఆల్బర్తా మారు వడ్డించుకుంది. నాకు మాత్రం ఏ రుచీ తెలియలేదు. మొగుడు పోయినదానికి తిండి సయిస్తుందా అనుకున్నాను. అప్పటి నుంచి ఏం తిన్నా చప్పగానే ఉండేది. ఇంకాస్త ఉప్పు వేసేదాన్ని. ఇంకాస్త మిరియం చల్లేదాన్ని. కుడికన్ను మసకేస్తుంటే అది వయసు అనుకున్నాను.

శనివారాలు సాగుతూనే ఉన్నాయి. భోజనం మధ్యలో నేను వెనక వరండాలో ఉన్న ఫ్రిజ్ దగ్గరికి తీపి టీ తేవడానికి వెళతాను. అప్పుడు వెర్‌డెల్ రికార్డరు ఆపేసేది. "ఉత్త గాలి మోత రికార్డు చేసి ఏం చేసుకుంటాం?" అనేది. నిజమే కదా అనుకున్నాను. ఈ వసంతంలో కొత్త రికార్డరు కొన్నాం. ఒక శనివారం వెర్‌డెల్ కళ్ళద్దాలు కారులో మర్చిపోయి వచ్చింది. ఏదో మీట నొక్కింది, ఆగిందనుకుంది. ఆగలేదు.

సోమవారం ఎండపూట కంప్యూటరు ముందు కూర్చుని వింటున్నాను. నేను లేచి వెళ్ళిన చప్పుడు అయ్యాక కుర్చీ జరిగింది. కాగితం సంచి విప్పిన శబ్దం. తర్వాత ఎవరో ఉమ్మారు.

"అమ్మో, నా వల్ల కాదక్కా," అంది ఆల్బర్తా. "ఆ కొవ్వు డబ్బా కమురు వాసన వీధి గుమ్మం దాకా కొడతా ఉంది. దీనికి తెలీట్లేదా అసలు?"

"మెల్లగా మాట్టాడు. సంచీ ఇటు పట్టు."

"పోయినసారి రొయ్యలు కుళ్ళినయి. రెండు రోజులు బాత్‌రూం వదిల్తే ఒట్టు. జొరమొచ్చిందని చెప్పి కొట్టు మూసుకున్నా."

"నేను మాత్రం సుఖంగా ఉన్నాననుకున్నావా? శనివారం శనివారం మాత్ర మింగి వస్తున్నా."

"చెప్పేద్దాం అక్కా."

"ఏమని చెప్తావ్? మా తమ్ముడు పోయాక ఆ పిల్ల చేతిలో రుచి పోయింది. దుఃఖం తగ్గితే అదే వస్తుంది. నువ్వు నోరు మూసుకుని తిను."

"ఏడాదిన్నర అయిందక్కా."

"నీకు ఏడాదిన్నర. నాకు నిన్నగాక మొన్న."

నా అడుగుల చప్పుడు. గ్లాసుల్లో ఐసు ముక్కల చప్పుడు. ఆ వెంటనే వెర్‌డెల్ గొంతు, గట్టిగా, మైకు కోసం పెట్టిన నవ్వుతో. "ఓజెల్లా! ఏం కలిపావే ఇందులో? పైలోకంలో మా అమ్మ లేచి కూర్చుని కంచం అడుగుతుంటుంది!"

మొదట సిగ్గు ముంచుకొచ్చింది. ముఖం భగ్గుమంది. నా ఎర్రన్నాన్ని కాగితం సంచిలో ఉమ్మారు, అదీ నా వంటింట్లో, నా కుర్చీల్లో కూర్చుని. ఆ తర్వాత కోపం. అప్పటికప్పుడు ఫోను చేసి ఇద్దర్నీ దులిపేద్దామనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాక ఆల్బర్తా అన్న మాట గుర్తొచ్చింది. వీధి గుమ్మం దాకా.

లేచి కొవ్వు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఉల్లిపాయ కోశాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి, వాసన రాలేదు. కాఫీ పొడి గుప్పెడు తీసి పీల్చాను. షెడ్డులోకి పోయి హెజెకియా పడవ ఇంజనుకు వాడే పెట్రోలు డబ్బా మీదికి వంగాను. మంచినీళ్ళ బకెట్ మీదికి వంగినట్టే ఉంది. ఆ డబ్బా పక్కనే నేల మీద కూలబడ్డాను. ఒంట్లో ఏదో పోయిందని, అది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదని అప్పుడు అర్థమైంది. కోపం ఎటు పోయిందో పోయింది. భయం ఒకటే మిగిలింది.

పిల్లలు పంపిన మాటలన్నీ వరసగా జ్ఞాపకం వచ్చాయి. ఫిలడెల్ఫియా పిల్ల ఒకతె అంది, "మిస్ ఓజెల్లా, మీరు చెప్పిన కొలతే వేశానండీ, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పైంది. తప్పు నాదే అయ్యుంటుంది. మళ్ళీ చేసి చూస్తా." దానికి నేను మైకులో ఏమన్నానో తెలుసా? "ఓపిక పట్టు తల్లీ, చెయ్యి తిరగాలి" అన్నాను. నవ్వాను కూడా. పెద్దదాన్ని తప్పుపట్టకూడదని ఆ పిల్లలంతా తమ చేతులనే తిట్టుకున్నారు.

ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. ఆమె మా నల్లపిల్లే, నాకు కూతురుంటే ఆ వయసుండేది. తెర మీద నా తలకాయ బొమ్మ చూపించింది.

"కేన్సరు కాదు ఆంటీ. ముందు ఆ మాట వినండి," అంది. "ఇక్కడ, కళ్ళ మధ్య, ఎముకకి పైన గడ్డ ఉంది. నిమ్మకాయంత. ఇది చాలా నిదానంగా పెరిగే రకం. ముందు వాసన నరాల్ని నొక్కేస్తుంది. తర్వాత కంటి నరం మీదికొస్తుంది."

"తీసెయ్యి తల్లీ. తీసేస్తే అన్నీ వస్తాయి కదా?"

ఆ పిల్ల కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "గడ్డ తీసేస్తాం. ఎడమకన్ను కాపాడుకోవచ్చు. కుడికన్ను కష్టం. వాసన మాత్రం ఇంక రాదు ఆంటీ. మీకు వాసన తెలీడం ఎప్పుడు ఆగింది?"

"నాకు తెలీదమ్మా."

"వండేవాళ్ళు కదా మీరు. మీ వంట తినేవాళ్ళు ఎవరూ చెప్పలేదా? ఒక ఏడాది ముందొచ్చినా కన్ను దక్కేది."

"బాగుందన్నారు," అన్నాను. "అందరూ బాగుందనే అన్నారు."

శనివారం ఇద్దరూ ఎప్పటిలాగే వచ్చారు. ఆల్బర్తా గుమ్మంలోనే, "ఏంటే ఇవాళ, పొయ్యి మీద ఏం లేదు? ఉపవాసం పెట్టావా మాకు?" అంది. కూర్చోమని చెప్పి ఆ రికార్డింగు పెట్టాను. కాగితం సంచి శబ్దం రాగానే ఆల్బర్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెర్‌డెల్ కదలకుండా చివరిదాకా వింది. తన గొంతు తను విని ముఖం పక్కకు తిప్పుకుంది.

"సిగ్గుపడాల్సింది మేమే," అంది చివరికి. "తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

డాక్టరు చెప్పింది చెప్పాను. ఉన్నదున్నట్టు, ఏడాది ముందొచ్చుంటే అన్న మాటతో సహా చెప్పాను. కావాలనే చెప్పాను. వాళ్ళకు గుచ్చుకోవాలనే చెప్పాను.

ఆల్బర్తా బావురుమంది. "నేను చెప్తానన్నానే. అక్కే వద్దంది."

"ఓహో, ఇప్పుడు నా మీదికి తోస్తావా?" అంది వెర్‌డెల్. "నీకు నోరు లేదా? ఊరందరి సంగతులూ ఊరందరికీ చెప్తావు, ఈ ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వే కదక్కా దుఃఖం అన్నావు!"

"దుఃఖమనుకున్నా! డాక్టర్నా నేను?" వెర్‌డెల్ ఏడ్చేసింది. ఆమె ఏడవడం తమ్ముడి సమాధి దగ్గర కూడా నేను చూడలేదు. "వాడు పోయాక ఈ ఇంట్లో నవ్వు వినపడేది ఈ ఒక్క రోజే. నువ్వు గరిటె పట్టుకుంటే కాస్త మనిషిలా కనపడేదానివి. ఆ గరిటె నేనెట్టా లాక్కోనే? ఏ నోటితో చెప్పమంటావు, బాలేదని?"

"మీరు నన్ను ప్రేమించారు వదినా," అన్నాను. "అందులో నాకు అనుమానం లేదు. ప్రేమించే గుడ్డిదాన్ని చేశారు."

వాళ్ళను వెళ్ళిపొమ్మన్నాను. వెళ్ళలేదు. వెర్‌డెల్ కొవ్వు డబ్బా తీసుకుపోయి పెరట్లో గొయ్యి తవ్వి పాతిపెట్టింది. ఆల్బర్తా ఫ్రిజ్ అంతా ఖాళీ చేసి కడిగింది. పారేసే ప్రతి గిన్నెనూ వాసన చూసి ముఖం చిట్లించింది. ఆ ముఖం చూస్తే నాకు తెలిసింది నేను ఇన్నాళ్ళూ ఏం తిన్నానో, ఏం పెట్టానో.

ఆపరేషను చార్లెస్టన్‌లో జరిగింది. కళ్ళు తెరిచేసరికి ఒకటే తెరుచుకుంది. కుడివైపు గోడ కట్టినట్టుంది. ఇద్దరూ మంచం పక్కనే ఉన్నారు, ఎప్పటి బట్టలతో ఉన్నారో ఏమో. గుండు చేసిన నా తలకి ఆల్బర్తా పట్టు రుమాలు చుట్టింది. "ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నా, ఈ జుట్టు నాకిచ్చెయ్యి, బాగు చేస్తానని. చివరికి మత్తు ఎక్కించుకుని తీయించుకున్నావు," అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతుంటే కుట్లు లాగాయి. వాళ్ళ మీద నాకు కోపం పోలేదు. వాళ్ళు తప్ప నాకెవరూ లేరు కూడా. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని ఆ వేసవి గడిపాను.

పిల్లల మాటలు వస్తూనే ఉన్నాయి. ఎప్పుడొస్తారు, మిస్ ఓజెల్లా? మీ గొంతు వినక శనివారం శనివారంలా లేదు. నేను అవి వినడం మానేశాను. వండలేనిదాన్ని ఆ బల్ల దగ్గర కూర్చుని ఏం చేయాలి? రోజుకు మూడు పూటలా ఏదో తడిగా, ఏదో గట్టిగా నములుతున్నాను. నాలుక మీద ఉప్పు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, అంతే. కోడికూరకీ ఉడికించిన అట్టముక్కకీ మధ్య తేడా పళ్ళకే తెలుస్తోంది. చచ్చిపోతే బాగుండనిపించిన రోజులున్నాయి. ఆ మాట వెర్‌డెల్‌తో అన్నాను కూడా.

ఆ మర్నాడే ఇద్దరూ కలిసి వచ్చారు.

"మా ముక్కులు తీసుకోవే," అంది ఆల్బర్తా. "నువ్వు వండు. మేం వాసన చూసి, రుచి చూసి చెప్తాం. మాడిందంటే మాడిందంటాం. ఛండాలంగా ఉందంటే ఛండాలమనే అంటాం. నీ మొహమాటం లేదు, మా మొహమాటం లేదు."

"నమ్మమంటావా మిమ్మల్ని?"

వెర్‌డెల్ నా చెయ్యి పట్టుకుంది. "హెజెకియా మీద ఒట్టు. ఇంక నీకు అబద్ధం చెప్పను. తిట్టుకున్నా సరే, కొట్టుకున్నా సరే."

చచ్చిన తమ్ముడి మీద వేసిన ఒట్టు అది. నమ్మాను. ఆ వారమంతా నాలో ఏదో కదిలింది. ఆశ అనడానికి నోరు రావడం లేదు గానీ అదే. వెర్‌డెల్ స్వయంగా బేకన్ వేయించి కొత్త కొవ్వు పోసి తెచ్చింది. సాసేజ్ ఆ ఉదయమే కొన్నాం. శనివారం మూడు మైకులూ పెట్టాం. నేను గడియారం చూసుకుంటూ వండాను. ఉల్లిపాయ రంగు మారిందో లేదో ఎడమకన్ను దగ్గరికి పెట్టి చూశాను. బియ్యం మెత్తబడిందో లేదో వేళ్ళతో నలిపి చూశాను. బాణలి శబ్దం విన్నాను. అరవై ఏళ్ళ అలవాటులో ముక్కు చేసే పని చేతులతోనూ చెవులతోనూ చేయించాను. మూత తీసినప్పుడు ఆవిరి ముఖానికి తగిలింది. వెచ్చగా ఉంది, అంతే.

ఇద్దరికీ వడ్డించాను. నేను తినలేదు. నిలబడే చూశాను.

"ఎలా ఉంది?"

వెర్‌డెల్ నిదానంగా నమిలింది. "ఒక రవ్వ పొగచూరిందే," అంది. "ఎక్కువ కాదు. అడుగున ఎక్కడో పట్టుంటుంది."

నా ప్రాణం లేచొచ్చింది. తప్పు చెప్పింది! ఇన్నాళ్ళకి నా మొహం మీద ఒక తప్పు చెప్పింది. వచ్చేసారి మంట తగ్గిస్తాను, ఇంకాస్త ముందు దించుతాను అని అప్పుడే లెక్క వేసుకుంటున్నాను.

"పొగా?" అంది ఆల్బర్తా, చెంచా గాల్లోనే ఆపి. "ఎక్కడక్కా పొగ? నాకేం తెలీట్లా. బాగుంది. ఒట్టు, నిజంగా బాగుందే."

"సిగరెట్లు తాగి తాగి నీ ముక్కు చచ్చింది."

"మానేసి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. లేని తప్పు ఎందుకు పట్టుకొస్తన్నావు?"

"ఉన్నదాన్ని లేదని నువ్వెందుకంటన్నావు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. తర్వాత నా వంక చూశారు.

"ఎవరిది నిజం?" అన్నాను.

"నాదే," అన్నారు ఇద్దరూ.

వాళ్ళ ముఖాలు మార్చి మార్చి చూశాను. తప్పు చెబితేనే నేను నమ్ముతానని వెర్‌డెల్ ఒక పొగ కల్పించి ఉండవచ్చు. పాత దారి వదలలేక ఆల్బర్తా మళ్ళీ బాగుందనేసి ఉండవచ్చు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు, ఒక ముక్కుకి తెలిసింది ఇంకో ముక్కుకి తెలియకపోవచ్చు. రెండు ముఖాల్లోనూ నా మీద ప్రేమ తప్ప ఇంకేం కనిపించలేదు. అదే నాకు అడ్డం. వాళ్ళు నన్ను ప్రేమించినంత కాలం ఏ మాట నిజమో నాకు తెలియదు. నా అన్నం ఎలా ఉందో ఇంక ఈ జన్మలో నాకు తెలియదు.

వాళ్ళు కంచాలు పూర్తిగా ఖాళీ చేశారు. దాన్ని నమ్మడానికీ లేదు. ఏడాదిన్నర ఖాళీ చేస్తూనే వచ్చారు.

మైకులు ఆపేశాను. గిన్నె రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి నడిచాను. "ఓజెల్లా, ఏం చేస్తన్నావే?" అని వెర్‌డెల్ వెనకనుంచి అరిచింది. చెత్త డబ్బా మూత తీసి గిన్నె బోర్లించాను. వేడివేడి ఎర్రన్నం, ఇంకా పొగలు కక్కుతోంది. బాగుందేమో కూడా.